కట్టెల కాలంలో దెబ్బ తగిలితే కాలునూ పొయ్యినీ ఎలా చూసుకోవాలి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో మిరప ఏరుడు ఒక కొలిక్కి వచ్చి, పత్తి చేలు ఖాళీ అయ్యాక అందరి చూపూ అడవి వైపే. ఇప్పపువ్వు రాలేలోపు కొంత, తునికాకు మొదలయ్యేలోపు కొంత, మృగశిర కార్తెకు ముందు మిగిలినదంతా తెచ్చి ఇంటి వెనక కుప్ప నిలబెట్టాలి. జూన్ నడిమిలో వాన పట్టుకున్నాక తడి పుల్లతో పొయ్యి రాజేయడం ఎంత నరకమో మన ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. సరిగ్గా ఈ నెలల్లోనే కాళ్లు బెణుకుతాయి, గొడ్డళ్లు జారతాయి, నడుములు పట్టేస్తాయి.

దెబ్బ తగిలిన మనిషి మానకముందే మళ్లీ ఎందుకు అడవికి పోతుంది? డాక్టరు చెప్పింది అర్థం కాక కాదు, ఇంట్లో కట్టెలు అయిపోయి పోతుంది. ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దని కాగితం మీద రాసిస్తారు, కానీ ఆ ఆరు వారాలు అన్నం ఎలా ఉడకాలో ఆ కాగితంలో ఉండదు. అందుకే ఇక్కడ వైద్యం ఎంత చెప్తానో, పొయ్యి సంగతీ అంతే చెప్తాను. పొయ్యికి ఏర్పాటు జరిగితేనే కాలికి విశ్రాంతి దొరుకుతుంది.

అడవిలో ఉండగానే

పడగానే లేచి నిలబడే ప్రయత్నం చేయకండి. కూర్చోండి. మోపు తలమీద ఉండగా పడితే ముందు మెడ, వీపు చూసుకోండి. మెడ ఎముక మధ్యలో నొప్పి ఉన్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా కదలకుండా పడుకోవాలి. పక్కవాళ్లు లేపి కూర్చోబెట్టకూడదు. మంచం తెప్పించి, తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా నలుగురు పట్టి ఎక్కించాలి.

గొడ్డలి గానీ కత్తి గానీ తెగితే శుభ్రమైన గుడ్డను, అదీ లేకపోతే కొంగునే మడిచి, గాయం మీద గట్టిగా నొక్కి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. కనీసం పది నిమిషాలు ఎడతెగకుండా నొక్కాలి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వేసి నొక్కండి. తెగిన చెయ్యిని గానీ కాలిని గానీ గుండె కంటే ఎత్తులో పెట్టండి. పసుపు, కాఫీ పొడి, పొయ్యి బూడిద, ఆకుపసరు ఏదీ గాయంలో పోయొద్దు. ఇవి పోసి వస్తే ఆసుపత్రిలో కుట్లు వేసే ముందు వాటిని కడగడానికే సగం యాతన పడాలి, చీము పట్టే ప్రమాదమూ ఎక్కువ. గాయం నోరు తెరుచుకుని ఉంటే అదే రోజు కుట్లు వేయించుకోవాలి, రేపటికి వాయిదా వద్దు. మట్టి అంటిన గాయమైతే, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని 5 ఏళ్లు దాటిందంటే మళ్లీ వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ మాటే డాక్టరుకు చెప్పండి.

ఎముక విరిగినట్టు అనుమానం వస్తే రెండు తిన్నని కర్రలు చూసుకోండి. మన దగ్గర వెదురుకు కొదవ లేదు. కర్రలకు తువ్వాలు చుట్టి, విరిగిన చోటికి పైన ఉన్న కీలూ కింద ఉన్న కీలూ రెండూ కదలకుండా కట్టాలి. వంకరను లాగి సరిచేసే పని మనది కాదు. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా వెంటనే వదులు చేయండి.

కంట్లో చెక్కపేడు ఎగిరి పడటం చిన్న విషయంగా తీసుకుంటాం. అది చిన్నది కాదు. కట్టెముక్క, ఆకు అంచు, ముల్లు తగిలిన కంటిలో బూజు లాంటి ఇన్ఫెక్షన్ పట్టి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, అది చూపునే తినేస్తుంది. కన్ను నలపొద్దు. చనుబాలు, ఆకురసం పోయొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు వేయొద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇలాంటి పుండు ఇంకా ముదురుతుంది. శుభ్రమైన నీళ్లతో కడిగి, ఆ రోజే కంటి డాక్టరును చూడండి.

పాము కాటుకు ఒకటే మాట: కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు, కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా నేరుగా ఆసుపత్రికి. మంత్రం వేయించి పోదామని ఆగిన గంటే ప్రాణం తీస్తుంది. కట్లపాము కాటు నొప్పి ఉండకపోవచ్చు, కనురెప్పలు వాలిపోవడం మొదలయ్యాక గానీ తెలియదు.

విరిగిందా, బెణికిందా?

అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. వాపు పెద్దగా ఉంటే విరిగిందనీ, చిన్నగా ఉంటే బెణికిందనీ అనుకుంటారు. వాపును బట్టి చెప్పలేం. చీలమండ విషయంలో ప్రపంచమంతా డాక్టర్లు వాడే ఒక పరీక్ష ఉంది, దాన్ని ఇంట్లో కూడా చూసుకోవచ్చు.

మొదటిది నడక. కుంటుకుంటూ అయినా సరే, నాలుగు అడుగులు వేయగలిగారా? పడిన వెంటనే వేయలేక, ఇంటికి వచ్చాక కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయాల్సిందే. రెండోది వేలితో నొక్కి చూడటం. చీలమండకు లోపలి వైపు, బయటి వైపు పొడుచుకొచ్చిన ఎముకలు ఉంటాయి కదా, వాటి కొసనూ వెనక అంచునూ కింది నుంచి పైకి నాలుగు వేళ్ల వెడల్పు మేర నొక్కండి. పాదం బయటి అంచున, చిటికెన వేలుకూ మడమకూ నడుమ, ఒక ఎముక మొన తగులుతుంది, అక్కడా నొక్కండి. పాదం లోపలి వైపు, చీలమండకు కాస్త ముందున్న ఎముక మీద కూడా. ఎముక మీదే నొప్పి జివ్వుమంటే ఎక్స్‌రే. ఎముక మీద ఏమీ లేక, పక్కన మెత్తటి చోట మాత్రమే నొప్పి ఉండి, నాలుగు అడుగులు పడుతుంటే బెణుకు అయ్యే అవకాశమే ఎక్కువ. ముసలివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఈ పరీక్షను నమ్ముకుని ఆగకండి, వాళ్లకు నొప్పి సరిగా తెలియకపోవచ్చు.

జారి పడుతూ చెయ్యి ఆనించినప్పుడు మణికట్టు విరగడం మన ఆడవాళ్లలో బాగా ఎక్కువ, యాభై దాటాక మరీను. పక్క నుంచి చూస్తే చెయ్యి వంపు తిరిగినట్టు కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు.

నడుము సంగతి వేరు. మోపు ఎత్తుతూ నడుము పట్టేస్తే ఎక్కువ భాగం కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, మంచానికి అతుక్కుపోతేనే ఆలస్యం. ఒకటి రెండు రోజులు తేలికపడి, తర్వాత ఇంట్లోనే అటూఇటూ నడవాలి. కానీ మూత్రం ఆగిపోయినా, తొడల నడుమ మొద్దుబారినా, కాలు ఈడ్చుకుపోతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

ఏ ఒడ్డుకు పోవాలి?

సిరొంచలో ఉండేవాళ్లకు ఈ ప్రశ్న ప్రతిసారీ ఎదురవుతుంది. ఊళ్లో గ్రామీణ రుగ్ణాలయం (సర్కారు ఆసుపత్రి) ఉంది, పైకి పోతే అహేరి ఉపజిల్లా ఆసుపత్రి, జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. వంతెనలు వచ్చాక గోదావరి దాటి తెలంగాణలోని కాళేశ్వరం మీదుగా భూపాలపల్లి, వరంగల్ వైపో, ప్రాణహిత దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల వైపో పోవడం సులువైంది. చుట్టాలూ అటే, మాటా అటే. అటు పోవడంలో తప్పేమీ లేదు, కానీ పోయే ముందు మూడు పనులు చేయండి.

ఒకటి, 108కి ఫోన్ చేసినప్పుడు మొదటి మాటగా రాష్ట్రం, తాలూకా, ఊరు చెప్పండి. నది ఒడ్డు ఊళ్లలో ఫోన్ అవతలి టవర్ పట్టుకుంటే కాల్ అటు వైపు కంట్రోల్ రూమ్‌కు పోవచ్చు. "అంకీస దగ్గర" అంటే వాళ్లకు తెలియదు, "మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా, అంకీస" అనాలి. ఎత్తినవాళ్లు మరాఠీలో అడిగితే కంగారు పడకండి. ఇంట్లో మరాఠీ బడికి పోయే పిల్లలు ఉంటారు కదా, ఫోన్ వాళ్లకు ఇవ్వండి.

రెండు, ముందు దగ్గరున్న సర్కారు ఆసుపత్రిలో చూపించి, కట్టు వేయించి, ఇంజెక్షన్ తీసుకుని, రాయించుకున్న కాగితంతో బయలుదేరండి. రక్తం కారుతూ, ఎముక కదులుతూ రెండు మూడు గంటలు జీపులో పోవడం కన్నా అది మేలు.

మూడు, కార్డులు. ఆయుష్మాన్ కార్డు కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు చికిత్స ఏ రాష్ట్రంలోనైనా ఆ పథకంలో ఉన్న ఆసుపత్రిలో దొరుకుతుంది. ఇది ఆసుపత్రిలో చేర్చుకుని చేసే ఆపరేషన్ లాంటి వాటికే గానీ మామూలు పిండికట్టుకు కాదు. మహాత్మా జ్యోతిరావ్ ఫూలే పథకం మాత్రం మన రాష్ట్రంలోనిది, దాన్ని అవతలి ఒడ్డున చూపిస్తే నడవదు. అలాగే ఆరోగ్యశ్రీ తెలంగాణ రేషన్ కార్డు ఉన్నవాళ్లకు. "మా తమ్ముడికి అయింది, మాకూ అవుతుంది" అనుకుని పోయి బిల్లు చూసి గుండె పట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. చేర్చే ముందే కౌంటర్‌లో అడగండి. ఎక్స్‌రే ఫిల్మ్, చిట్టీలు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్‌లో దాచండి.

అడవి పంది, ఎలుగుబంటి, పులి దాడి వల్ల తగిలిన దెబ్బ అయితే అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. అది ఆలస్యం లేకుండా అటవీ గార్డు అయిన వనరక్షక్‌కు చెప్పి, పంచనామా చేయించి, ఆసుపత్రి కాగితం మీద జంతువు దాడి అని రాయించుకుంటేనే చేతికి వస్తుంది. ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి.

మొదటి రెండు రోజులు

బెణుకుకు చన్నీళ్లు, ఎత్తు, కట్టు. కిరాణా దుకాణంలో ఐసు దొరికితే గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి, రోజుకు నాలుగైదు సార్లు. దొరకకపోతే కుండ నీళ్లలో తడిపిన గుడ్డ. ఐసు నేరుగా చర్మానికి తాకించొద్దు. పడుకున్నప్పుడు కాలి కింద దుప్పట్లు మడిచి పెట్టి, పాదం గుండె కంటే పైకి ఉండేలా చూడండి. సాగే క్రేప్ బ్యాండేజీ కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి, రాత్రి విప్పేయాలి.

ఈ రెండు రోజులు వేడినూనె మర్దన, ఇసుక కాపు, గట్టిగా తోమడం వద్దు. లోపల రక్తం కారుతున్న చోట తోమితే వాపు పెరుగుతుంది. మన పెద్దవాళ్లు ప్రేమతోనే తోముతారు. "మూడో రోజు నుంచి మెల్లగా రాయి అత్తమ్మా" అని చెప్తే కాదనరు.

కట్టు కట్టేవాళ్ల మాట చెప్పాలి. తరాలుగా ఎముకలు కట్టేవాళ్లు మన రెండు ఒడ్డులా ఉన్నారు, వాళ్ల చేతి మీద జనానికి గురి ఉంది. నేను చెప్పేది ఒకటే: ముందు ఎక్స్‌రే. ఎముక కీలులోకి విరిగిందా, చర్మం చీల్చుకుని వచ్చిందా, పక్కకు జరిగిందా అన్నది చేతితో తడిమితే తెలియదు. ఇవేవైనా ఉంటే ఆసుపత్రే. ఎవరు కట్టినా సరే, కట్టిన తర్వాత వేళ్లు నల్లబడినా, మొద్దుబారినా, వేళ్లు వెనక్కి వంచితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా కట్టు వెంటనే విప్పించాలి. పిండికట్టుకైనా ఇదే మాట. తెల్లారేదాకా ఆగితే చెయ్యే పనికిరాకుండా పోవచ్చు, ముఖ్యంగా పిల్లల్లో.

నొప్పికి పారాసిటమాల్ 500 ఎం.జీ. మాత్ర, ఆరు గంటల తేడాతో, పెద్దవాళ్లకు సరిపోతుంది. సారా తాగే అలవాటు ఉన్నవాళ్లు ఆ మాత్రలు వాడే రోజుల్లో తాగకూడదు, కాలేయం మీద పడుతుంది. నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని మర్నాడే పనికి పోవడం నాకు అన్నిటికంటే భయం వేసే సంగతి. నొప్పి తెలియనంత మాత్రాన కీలును పట్టి ఉంచే నరం (లిగమెంట్) అతుక్కోదు. నొప్పి లేదని బరువు మోపితే సగం తెగినది పూర్తిగా తెగుతుంది.

పథ్యం పేరుతో తిండి కోయకండి. గుడ్డు తింటే, వంకాయ తింటే చీము పడుతుందని కడుపు మాడ్చడం మన వైపు బాగా ఉంది. ఎముక అతకడానికీ, పుండు మానడానికీ మాంసకృత్తులు కావాలి. కంది పప్పు, గుడ్డు, చేపలు, నువ్వులు, రాగి జావ పెట్టండి. బీడీ పొగ ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఊరికే కూర్చున్న మనిషికి ఖర్రా (పొగాకు, వక్క కలిపి నమిలేది) కూడా ఎక్కువైపోతుంది, ఇంట్లోవాళ్లు తెచ్చి పెట్టడం తగ్గించాలి.

ఇప్పుడు కుప్ప లెక్క

మూడో రోజుకు నొప్పి కాస్త తగ్గి మనిషి మంచం మీద కూర్చోగలదు. అప్పుడు చేయాల్సిన మొదటి పని ఇది.

సాయంత్రం పూట ఒక రోజుకు ఎంత కట్టె కాలుతుందో పక్కన తీసి పెట్టమనండి. మర్నాడు వంట, చాయ్, స్నానపు నీళ్లు అన్నీ దానితోనే కానివ్వాలి. మిగిలితే తీసేయండి, చాలకపోతే కలపండి. ఇప్పుడు ఆ కట్టెను తాడుతో కట్టి ఎంత లావు ఉందో చూసుకోండి, అదే మీ ఇంటి ఒక రోజు. ఆ కొలతతో కుప్పను కొలవండి.

మా పెద్దమ్మకు మణికట్టు విరిగి పిండికట్టు పడ్డప్పుడు చేసిన పని నాకు కళ్ల ముందు ఉంది. వాకిట్లో మంచం వేయించుకుని, మనవడి చేతికి సున్నపు డబ్బా ఇచ్చి, కుప్ప పక్కన గోడ మీద గీతలు పెట్టించింది. ఒక్కో గీతకు ఒక వారం. పైనుంచి కట్టె తీస్తున్న కొద్దీ గోడ మీద గీత బయటపడుతుంది. వారం కాకముందే గీత కనిపించిందంటే వంటింట్లోకి కేకేసి "ఏమే, నీళ్లు మళ్లీ మరగబెట్టినవా" అని అడిగేది. కుడిచెయ్యి మెడకు వేలాడుతూనే ఉంది, ఇంటి పొయ్యి మాత్రం ఆమె చేతుల్లోనే ఉంది. ఆ ఏడు వాళ్లు కట్టెలు కొనలేదు. దెబ్బ తగిలిన మనిషికి ఈ పెత్తనం ఇవ్వండి, చాలా వరకు దిగులు కూడా తగ్గుతుంది.

కుప్ప ఎన్ని వారాలు వస్తుందో తేలాక డాక్టరు చెప్పిన వారాలతో పోల్చండి. మామూలు బెణుకు ఒకటి నుంచి మూడు వారాలు, మణికట్టు, చీలమండ విరిగితే ఆరు వారాలకు అటూఇటూ, ఆ తర్వాత బరువు మోయడానికి ఇంకొన్ని వారాలు. తక్కువ పడేది ఎంతో అక్కడ తెలుస్తుంది. ఇక దాన్ని పూడ్చే దారులు చూద్దాం.

తక్కువ కట్టెతో వండటం

మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో పదో వంతు మాత్రమే గిన్నెకు చేరుతుంది, మిగిలినది గాలికి పోతుంది. అందుకే ఇక్కడ చేసే చిన్న మార్పు అడవిలో ఒక మోపుతో సమానం.

పప్పు రాత్రి నానబెట్టండి, బియ్యం అరగంట ముందు. ప్రతి గిన్నె మీదా మూత ఉండాలి. మణికట్టు లావు కట్టెను బొటనవేలు లావుకు చీల్చి వేస్తే మంట నిండుగా వస్తుంది, పొగ తగ్గుతుంది. అన్నం మూడు వంతులు ఉడికాక దించి, గడ్డి నింపిన గంపలో గిన్నెను కూర్చోబెట్టి పైన పాత దుప్పటి కప్పండి. మిగిలిన పావు వంతు అందులోనే ఉడుకుతుంది. వంట అవగానే కొరకాసులు బయటికి లాగి ఆర్పాలి. ఆ బొగ్గులు సాయంత్రం చాయ్‌కు సరిపోతాయి. పొయ్యికి గాలి తగిలే వైపు రేకు అడ్డం పెట్టండి.

స్నానపు నీళ్లు కూడా కట్టెను బాగా తింటాయి. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండకు నల్ల రంగు వేసిన బిందె వాకిట్లో పెడితే మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేం. పసిపిల్లలకూ బాలింతలకూ తప్ప ఆ నెలల్లో నీళ్ల కోసం పొయ్యి వెలిగించొద్దు.

గ్యాస్ ఉన్న ఇళ్లలో సిలిండర్‌ను పండుగకు దాచుకుంటారు, అది తెలుసు. దాచుకున్నది వాడాల్సిన సమయం ఇదే. 14.2 కిలోల బండకు ఒకేసారి డబ్బు లేకపోతే 5 కిలోల చిన్న సిలిండర్ ఉంటుంది, ఏజెన్సీలో అడగండి. పొద్దున చాయ్, రాత్రి పప్పు గ్యాస్ మీద, అన్నం కట్టె మీద అని పంచుకుంటే చాలా దూరం వస్తుంది.

అడవికి పోకుండా దొరికేది

చేను ముందు చూడండి. పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు, మిరప కట్టె. పత్తి కట్టెను కాల్చి చేను చదును చేసేవాళ్లను అడిగితే పీక్కుపొమ్మంటారు, వాళ్లకూ పని తగ్గుతుంది. అది గడ్డిలా భగ్గుమని ఆరిపోతుంది కాబట్టి లావు కట్టెకు తోడుగా వాడాలి. మిరప కట్టెకు ఎండు కాయ అంటుకుని ఉంటే దులిపేయండి, లేకపోతే ఇల్లంతా దగ్గే. పిడకలు ఎండాకాలంలోనే చేసుకోవాలి, అది కూర్చుని చేసే పనే. గన్నేరు కొమ్మలు మాత్రం పొయ్యిలో పెట్టకండి, దాని పొగ విషం.

అటవీ శాఖ డిపోల్లో నిస్తార్ (ఊరివాళ్ల ఇంటి అవసరాలకు అడవి నుంచి ఇచ్చే ఏర్పాటు) కింద వంటకట్టెల బీట్లు, అంటే పేర్చిన కుప్పలు, అమ్ముతారు. నలుగురు కలిసి ఒక బీటు కొని, ట్రాక్టర్ కిరాయి పంచుకుంటే ఒక్క ఇంటికి భారం పడదు. స్టాక్ అన్నివేళలా ఉండదు, వనరక్షక్‌నో గ్రామసేవక్‌నో ముందే అడిగి పెట్టుకోండి.

ఇంకో దారి గ్రామసభ. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో పొదల కట్టె, మొద్దులు కూడా ఉన్నాయి. గడ్చిరోలి జిల్లాలో సామూహిక అటవీ హక్కు వచ్చిన గ్రామసభలు చాలా ఉన్నాయి. మీ ఊళ్లో ఉంటే, సభ కూర్చున్నప్పుడు ఈ మాట ఎత్తండి: దెబ్బ తగిలి పడుకున్న ఇంటికి ఊరి తరఫున కొన్ని మోపులు. బాలింత ఇంటికి కట్టె వేయడం మనకు కొత్త కాదు. దీన్నీ దాని పక్కన చేర్చమని అడగడమే.

మోసేది ఎవరు?

ఇది రాయడానికి నాకు కొంచెం కోపం వస్తుంది. తల్లి పడుకుంటే పదిహేనేళ్ల కూతురు బడి మానేస్తుంది. మార్చిలో పదో తరగతి పరీక్షలు, అదే నెలలో కట్టెలు, అదే నెలలో ఇప్పపువ్వు. ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పదు, పోతుంది. ఇంట్లో మగవాళ్లు ఉండి, సైకిలో బండో ఉండి, కట్టెలు ఆడవాళ్ల పని అని కూర్చోవడం ఇక చాలించాలి. సైకిల్ మీద తోసుకొచ్చే మోపు తలమీద మోసే మోపు కంటే పెద్దది. ఆదివారం ఒక్క పొద్దున ఇద్దరు మగవాళ్లు పోతే ఆ వారం గడుస్తుంది.

మగ దిక్కు లేని ఇల్లయితే బదులు పని మాట్లాడుకోండి. ముగ్గురు నలుగురు వదినలు, చెల్లెళ్లు వంతులవారీగా ఒక్కో మోపు వేస్తారు. మీరు దానికి బదులుగా కూర్చుని చేసేది చేయండి: వాళ్ల పసిపిల్లలను చూసుకోవడం, ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టడం, చింతపండు గింజ తీయడం, మిరప తొడిమలు తీయడం, మే నెలలో తునికాకు కట్టలు కట్టడం. మన వైపు కట్టకు 70 ఆకులు, గోదావరి అవతల 50. చేతులు బాగున్న మనిషి రోజంతా కూర్చుని కడితే నలుగురు తెంపిన ఆకును సర్దేస్తుంది. అడిగితే చులకనవుతామని అనుకోవద్దు. ఎవరికి ఎంత రుణపడ్డారో గోడ మీద రాసి పెట్టుకుంటే, మానాక తీర్చేటప్పుడు మాటా మాటా రాదు.

మీ బదులు పోయేవాళ్లకు రెండు మాటలు చెప్పి పంపండి. ఒంటరిగా పోవద్దు, మసక చీకట్లో పోవద్దు. ఇప్పచెట్ల కింద ఎలుగుబంటి మనకంటే ముందే ఉంటుంది. కుప్పలోంచి కట్టె తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించి తర్వాత చెయ్యి పెట్టాలి. తేళ్లు, పాములు అక్కడే చల్లగా ఉంటాయి.

కూర్చున్న కాలంలో ఒళ్లు

పిండికట్టు వేసిన కాలి వేళ్లను గంటకోసారి ఆడించండి. దురద పెడుతుందని పుల్ల దూర్చకండి, లోపల గీరుకుని పుండు పడుతుంది. పిక్క ఒక్కసారిగా వాచి, గట్టిపడి, నొప్పి చేస్తే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. బెణుకు అయితే నాలుగైదు రోజుల తర్వాత మంచం మీదే పాదాన్ని గాలిలో తిప్పుతూ అ, ఆ, ఇ, ఈ రాయండి. ఱ వరకు అన్నీ రాస్తే చీలమండ అన్ని వైపులా కదులుతుంది. తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. ఇది మాత్రం వదలొద్దు, ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణకకుండా కాపాడేది ఇదే. ఆశా తాయి (ఆశా కార్యకర్త) వచ్చినప్పుడు పుండు చూపించండి.

మళ్లీ అడవికి

నొప్పి లేదని కాదు, ఈ మూడూ చేయగలరా అని చూసుకుని పోండి. దెబ్బ తగిలిన కాలి మీద ఒక్కదాని మీదే కాసేపు తూలకుండా నిలబడగలగాలి. గొంతుక్కూర్చుని ఏమీ పట్టుకోకుండా లేవగలగాలి. నిండు బిందె నెత్తిన పెట్టుకుని ఇంటి చుట్టూ నడవగలగాలి. మణికట్టు అయితే తడిగుడ్డ పిండగలగాలి, గొడ్డలి ఆ తర్వాతే.

మొదటి రోజు ఊరి దగ్గరే, వాగు దాటకుండా. గొడ్డలి వద్దు, కింద రాలిన ఎండు పుల్ల మాత్రమే ఏరండి. మీరు మామూలుగా మోసే మోపులో పావు వంతు కట్టండి. రోజు విడిచి రోజు పోండి. వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున లేవగానే వాపు గానీ నొప్పి గానీ ముందు రోజు కంటే ఎక్కువ ఉంటే, తర్వాతి సారి మోపు ఇంకా తగ్గించండి. లేకపోతే వారానికి కొంచెం చొప్పున పెంచండి. మోపును ఒంటరిగా తలకెత్తుకోకుండా, గట్టు మీదో చెట్టు చీలిక మీదో నడుము ఎత్తున నిలబెట్టి కిందికి దూరి ఎత్తుకోండి, లేదా తోడున్నవాళ్లు ఎత్తాలి. కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి, హవాయి చెప్పులు ఎండుటాకుల మీద జారతాయి. వాగు ఒడ్డు దిగేటప్పుడు మోపు ముందు కిందికి జారవిడిచి, మీరు తర్వాత దిగండి.